"చిల్లర దేవుళ్లు" అంటే పల్నాటి వీరులేనా?

పల్నాటి పాఠకుడు: శ్రీనాథుడి చాటువుగా చెప్పుకొనే ఆటవెలదిలో "చిన్న చిన్న రాళ్లు చిల్లర దేవుళ్లు, నాగులేటి నీళ్లు నాపరాళ్లు" వరకూ నోటికి వస్తోంది గాని, "సజ్జ జొన్న కూళ్లు" తరవాతి మాటలు గుర్తు రావడం లేదు. ఇంకొక సందేహం కూడా ఉంది. కారెంపూడి వీరుల గుడిలో పూజలందుకొనే రాళ్లను చూసినప్పుడల్లా, పద్యంలోని చిన్న రాళ్లూ చిల్లర దేవుళ్లూ వేరు కావనీ, 12వ శతాబ్దపు పల్నాటి యుద్ధంలో కూలినవారికి నిలిపిన రాళ్లనే కవి అలా అన్నాడనీ అనిపిస్తుంది.

ఛందోభిమాని: "సర్పంబులును తేళ్లు, పల్లెనాటి సీమ పల్లెటూళ్లు." మీ అన్వయం మాత్రం కుదరదు. మూడు సూర్యగణాలు ముగిసి, నాలుగో గణం మొదట "చి" దగ్గర యతి పడింది. విరుపు అక్కడే ఉంది కనుక రాళ్లు వేరు, దేవుళ్లు వేరు.

ద్విపదప్రియ: తెలుగులో యతి అక్షరమైత్రే, అంటే పాదం మొదటి అక్షరంతో పొత్తు కుదరడమే గాని విరామం కాదు. సంస్కృత వృత్తాల విరామయతిని తెచ్చి ఆటవెలదికి అంటగట్టడం న్యాయం కాదు. "చిల్లర" అన్నది కూడా తిట్టు కానక్కరలేదు. ఆగమాలతో పని లేకుండా ఊరివాళ్లే నిలిపి ఊరివాళ్లే కొలుచుకొనే దేవుళ్లని అర్థం చెప్పుకోవచ్చు.

ఛందోభిమాని: యతి సంగతి పక్కన పెట్టినా "ళ్లు" ఉంది కదా! రాళ్లు, దేవుళ్లు, నీళ్లు, కూళ్లు, తేళ్లు, ఊళ్లు: ఆ అక్షరం వచ్చిన ప్రతిచోటా కవి ఒక వస్తువును ముగించి మరొకదానికి పోతున్నాడు. పైగా ఇది ఆ సీమలో తిండికీ నీళ్లకూ ఇబ్బంది పడినవాడి పద్యం. "కుసుమాస్త్రుండైన జొన్నకూడే కుడుచున్" అన్నదీ ఆయన చాటువేనంటారు. అక్కిరాజు ఉమాకాంతం గారు 1911లో ప్రకటించిన పల్నాటి వీరచరిత్ర నిజంగా శ్రీనాథుడిదే అయితే, బాలచంద్రుణ్ణి మంజరీ ద్విపదలో అంత ఎత్తున నిలిపిన కవి ఆ వీరులనే చిల్లర అంటాడా?

పల్నాటి పాఠకుడు: కార్తీక అమావాస్యతో మొదలై రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు అని ఐదు రోజులు సాగే ఆరాధనలో, వీరాచారాన్ని పాటించే ఆచారవంతులు తమ ఇంటి కొణతాలను, అంటే వీరుల ఆయుధాలుగా కొలిచేవాటిని, పసుపు కుంకుమలతో అలంకరించి భుజాన పెట్టుకొని వస్తారు, మందపోరు నాడు బ్రహ్మనాయుడి చాపకూడును తలచుకొంటూ అన్ని కులాలవారూ ఒకే బంతిలో తింటారు. అక్కడివారికి వాళ్లు పెద్ద దేవుళ్లే. బయటినుంచి వచ్చిన కవి కంటికి చిన్న రాళ్లుగా కనబడి ఉంటారన్నదే నా వాదం.

వినుకొండవాసి: ఈ వీరుల మీద పద్యమంటే ముందు వినుకొండ వల్లభరాయడి పేర ఉన్న క్రీడాభిరామం కావ్యమే చెప్పాలి. కాకతీయుల రాజధాని ఓరుగల్లు వీధిలో "ద్విపదప్రబంధమున వీరానీకముం బాడె నొక్కత" అన్న చోట వాద్యపు మోత వినబడుతుంది. వీరుల కథ పల్నాడు దాటి రాజధాని వీధిలో వినిపించిందని చెప్పిన మా వల్లభరాయడికి మనమంతా ఋణపడి ఉన్నాం.

ద్విపదప్రియ: వల్లభరాయడని అంత తేలికగా తేల్చేయకండి. ఆ కావ్యం శ్రీనాథుడిదేనని వేటూరి ప్రభాకరశాస్త్రి గారు వాదించారు. ఆ మాటే నిజమైతే పల్నాటి వీరుల పాటను అంత శ్రద్ధగా విన్నవాడూ, చిల్లర దేవుళ్లన్నవాడూ ఒక్కడే అవుతాడు.

వినుకొండవాసి: ఆ వాదాన్ని నేను ఒప్పుకోను. కర్తృత్వం మీద వేరే చర్చ మొదలుపెడుతున్నాను, అందరూ అక్కడికి రండి.