తూటా తగిలితే పెట్రోల్ ట్యాంకు పేలుతుందా?

శివ_హనుమకొండ:
నిన్న సినిమా చూసొచ్చి మా బామ్మర్దితో పందెం కాశాను. హీరో ఒక్క తూటా కొట్టగానే కారు గాల్లోకి లేచింది. ఉత్త అబద్ధం అన్నాను. "మామూలు తూటాకు కాదు బావా, నిప్పంటించే తూటాలు వేరే ఉంటాయి, ఇన్‌సెండియరీ అంటారు, వాటికి కచ్చితంగా పేలుతుంది" అంటాడు. అదీ సినిమా ముచ్చటే అని నా వాదన. పందెం రెండు బిర్యానీలు. తెలిసినవాళ్లు తేల్చండి.

బాయి_పనోడు (గోదావరిఖని):
తమ్ముడూ, తూటాను కాసేపు పక్కన పెట్టు. ముప్పై ఏళ్లు సింగరేణి బాయిల్లో దిగినవాణ్ని, మంట సంగతి చెప్తా విను. బొగ్గులోంచి వచ్చే మీథేన్ గాలిలో 5 నుంచి 15 శాతం మధ్య ఉంటేనే పేలుతుంది. తక్కువైతే గ్యాస్ చాలదు, ఎక్కువైతే గాలి చాలదు. పెట్రోల్ ఆవిరిదీ ఇదే లెక్క, కాకపోతే ఇంకా ఇరుకు: దాదాపు 1.4 నుంచి 7.6 శాతం. నిండు ట్యాంకులో ఆ పాళ్లు ఎక్కడ కుదురుతాయి? మామూలు తూటా చిల్లు పెట్టి అవతలికి పోతుంది, పెట్రోల్ కారుతుంది. అంతే.

కాజీపేట_జంక్షన్:
అన్నా, మరి మొదటి ప్రపంచ యుద్ధంలో ఇంగ్లండ్ మీద బాంబులేసిన, హైడ్రోజన్ నింపిన జర్మన్ గాలి ఓడలు ఎట్లా కాలిపోయాయి? 1916 సెప్టెంబర్ 3 తెల్లవారుజామున లీఫ్ రాబిన్సన్ అనే పైలట్ ఎస్‌ఎల్ 11 అనే గాలి ఓడను ఇలాంటి తూటాలతోనే కూల్చాడు. దానికి బ్రిటన్‌లో అన్నిటికంటే పెద్ద శౌర్య పతకం, విక్టోరియా క్రాస్ ఇచ్చారు. శివా, బిర్యానీ డబ్బులు రెడీ చేసుకో.

బాయి_పనోడు:
సగం చెప్పి వదిలేస్తే ఎట్లా? రాబిన్సన్ మొదట రెండు డ్రమ్ముల (తుపాకీకి తగిలించే గుండ్రటి డబ్బాలు) తూటాలు ఖాళీ చేసినా ఆ ఓడకు చీమ కుట్టినట్టు కూడా లేదు. మూడో డ్రమ్ము మొత్తం తోక వైపు ఒకే చోట కొడితే అప్పుడు అంటుకుంది. ఎందుకు? హైడ్రోజన్ 4 నుంచి 75 శాతం దాకా మండుతుంది, నిజమే. కానీ సంచి లోపల ఉన్నది ఒట్టి హైడ్రోజనే, గాలి లేదు. సంచి చిరగాలి, గ్యాస్ బయటికొచ్చి గాలిలో కలవాలి, సరిగ్గా ఆ వేళకు అక్కడ నిప్పు ఉండాలి. అందుకే అప్పట్లో చీల్చే పేలుడు తూటాలనూ, భాస్వరంతో మండే తూటాలనూ కలిపి కొట్టేవారు. శివ బామ్మర్ది చెప్పే ఒక్క తూటా లెక్క ఇక్కడా కుదరదు.

హుజూరాబాద్_ఫౌజీ:
చాలామంది ట్రేసర్ తూటానూ ఈ ఇన్‌సెండియరీనీ ఒకటే అనుకుంటారు. ట్రేసర్‌లో మందు వెనక భాగంలో ఉంటుంది. తూటా ఎటు పోతోందో మనకు కనబడాలని దారంతా వెలుగుతూ పోతుంది. ఇప్పటి ఇన్‌సెండియరీలో మందు ముక్కు వైపు ఉంటుంది, తగిలిన దెబ్బకు భగ్గుమంటుంది. ఆ మెరుపు కనురెప్పపాటే. ఆలోపు ఆవిరి దొరికితే సరి, లేదంటే ఆరిపోతుంది.

గమ్మత్తు ఏంటంటే, నేను కళ్లారా చూసిన మంటలన్నీ ట్రేసర్ పెట్టినవే. ఎండాకాలం ఫైరింగ్ రేంజ్‌లో గడ్డి అంటుకుంటే పచ్చి కొమ్మలు విరిచి మేమే కొట్టి ఆర్పేవాళ్లం. 2009 జూలైలో ఫ్రాన్స్‌లోని మార్సెయ్ దగ్గర సైనికుల ప్రాక్టీసులో ట్రేసర్లు కొట్టి పెద్ద కార్చిచ్చే తెచ్చుకున్నారు. ఎండుగడ్డికి ఏ లెక్కలూ అక్కర్లేదు!

కాజీపేట_జంక్షన్:
ఫౌజీ సార్, నిప్పు తూటా అంత పనికిరానిదైతే రెండో ప్రపంచ యుద్ధంలో ప్రతి దేశం తన విమానాల్లో ఎందుకు నింపింది? వాళ్లకు తెలివి లేదా?

హుజూరాబాద్_ఫౌజీ:
పనికిరాదని నేనెక్కడ అన్నాను? విమానం సంగతి వేరు తమ్ముడూ. రెక్కల్లో పెట్రోల్, సగం వాడేశాక పైన ఆవిరి, చిల్లు పడితే ఎదురుగాలికి తుంపరలు. పైగా తగిలేది ఒకటి కాదు, వరస. చాలా విమానాలు అట్లాగే తగలబడ్డాయి. అందుకే ట్యాంకులకు పచ్చి రబ్బరు పొర వేయడం మొదలుపెట్టారు. పెట్రోల్ తగలగానే అది ఉబ్బి చిల్లు మూసేస్తుంది. ఖాళీ జాగాలో నైట్రోజన్ లాంటి మండని వాయువు నింపడమూ అప్పుడే నేర్చారు. తూటా అదే, ట్యాంకు మారింది.

బాయి_పనోడు:
మేం బాయిలో బొగ్గు దుమ్ము అంటుకోకుండా దాని మీద మండని రాతి పొడి చల్లేది కూడా ఇందుకే.

మండిబజార్_మెకానిక్:
తుపాకుల సంగతి నాకు తెల్వదు సార్. నిండు ట్యాంకు కంటే ఖాళీ ట్యాంకుకు వెల్డింగ్ అంటేనే నాకు భయం. ఖాళీ అంటారు గానీ లోపలంతా ఆవిరే. కడగకుండా తెచ్చి "చిన్న చిల్లే కదా, కొట్టెయ్" అనేవాళ్లను వెనక్కి పంపిస్తా. ఇంకో ముచ్చట, ఆ సినిమా కారు డీజిల్‌దైతే? పెట్రోల్ ఆవిరి సున్నాకు కింద 40 డిగ్రీల చలిలోనూ అంటుకుంటుంది. డీజిల్ బాగా వేడెక్కితే గానీ అంత ఆవిరి ఇవ్వదు.

లా_విద్యార్థిని:
ఒక చిన్న మాట. మండే, పేలే గుండ్లు 400 గ్రాముల లోపువి వాడొద్దని 1868లోనే సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో దేశాలు ఒప్పుకున్నాయి. విమానాలు వచ్చాక ఆ మాట గాలికి పోయింది. నిప్పు ఆయుధాల మీద 1980లో దేశాలు చేసుకున్న ఒప్పందంలో ట్రేసర్లను ఆ ఆయుధాల కిందే లెక్కేయలేదు. ఫౌజీ గారి గడ్డి మంటలు చదివాక నవ్వొచ్చింది.

శివ_హనుమకొండ:
అందరి మాటలూ బామ్మర్దికి చదివి వినిపించాను. "ట్యాంకు సగం ఖాళీగా ఉండి, నిప్పు తూటా అయితే పేలొచ్చన్నట్టే కదా, నేనే గెలిచాను" అంటున్నాడు. పేలొచ్చు వేరు, కచ్చితంగా వేరు అంటే వినడు. పైగా ఆ సీన్‌కు ముందే విలన్ బంకులో ఆగి పెట్రోల్ కొట్టించాడు, అంటే ట్యాంకు నిండుగానే ఉన్నట్టు.

మండిబజార్_మెకానిక్:
ఫుల్ ట్యాంకా, ఐదు వందలదా?

శివ_హనుమకొండ:
అది చూపించలేదు అన్నా. ఈ ఆదివారం మళ్లీ వెళ్తున్నాం, టికెట్లు వాడివే.