యోయో అడుగున నిలవడం లేదు

ప్రశ్న (అమలాపురం): కోటిపల్లి తీర్థంలో మా అబ్బాయికి ప్లాస్టిక్ యోయో కొన్నాను. తాడు చివర కాసేపు తిరుగుతూ నిలవకుండా, కిందికి దిగీదిగగానే తిరిగి చేతిలోకి వచ్చేస్తోంది. బరువు చాలదేమోనని రెండు వైపులా రూపాయి బిళ్లలు అంటించాను. ఇప్పుడు గజగజ వణుకుతోంది కూడా!

జవాబు (పాలకొల్లు): ముందు తాడు చూడండి. ఇరుసుకు ముడి వేసి ఉంటే ఎంత బరువు పెట్టినా నిలవదు. ఇరుసు చుట్టూ వదులుగా ఉచ్చులా ఉండాలి. బరువు ఎంత అన్నదానికన్నా ఎక్కడ అన్నదే అసలు సంగతి. నడుమ అంటించిన బిళ్ల చేతికి భారమే తప్ప తిరగడానికి పెద్దగా సాయపడదు. అదే బరువు అంచున ఉంటే చాలాసేపు తిరుగుతుంది. నాది 66 గ్రాముల అల్యూమినియంది. మధ్యలో గిన్నెలా తొలిచి, లోహాన్నంతా అంచుకే నెట్టారు. బిళ్ల వెంట్రుకవాసి పక్కకు జరిగినా వణుకు తప్పదు.

జవాబు (రాజోలు): ఆకారమూ చూడాలండీ. సీతాకోకచిలుక రెక్కల్లా విచ్చుకున్నదైతే తిరుగుతున్న యోయోను తాడు మీదికి ఎక్కించడం తేలిక. ముందుకు విసిరి గిరగిరా తిప్పడానికి మాత్రం గుండ్రటి అంచులదే నయం.

అమలాపురం: ముడే ఉందండీ! బిళ్లలు పీకేశాను. జిగురు నా వేళ్లకే మిగిలింది.