మన ప్రపంచ సినిమా సీజన్‌లో మైకు పట్టుకుని తెలుగు చెప్పాలా?

రెండో_వరుస:
డిసెంబర్ సీజన్‌కు ఏడు సినిమాలు ఖాయమయ్యాయి. కమిటీ కొత్తగా ఒకటి తెచ్చింది. మూడు సినిమాలకు ఇంగ్లీష్ సబ్‌టైటిల్స్ ఉంటాయి, పైగా హాల్లో ఒకరు మైకులో డైలాగులు తెలుగులో చదువుతారట. నేను దీనికి పూర్తిగా వ్యతిరేకం. పోయినేడు వేసిన ఇటాలియన్ సినిమా ‘బైసికిల్ థీవ్స్’ గుర్తుందా? తండ్రి కొడుకు చెంప మీద కొట్టాక ఇద్దరూ ఎడమొహం పెడమొహంగా నడుస్తారు. అక్కడ మైకులోంచి ఎవరైనా దగ్గినా ఆ సీన్ పోయినట్టే. అయినా ఫిల్మ్ సొసైటీ అంటే కాస్త కష్టపడి సినిమా చూడటం నేర్చుకునే చోటు.

గోదారిగట్టు:
అన్నా, ఆ రోజు మా అమ్మను కూడా తీసుకొచ్చాను. ఐదో క్లాసుతో చదువు ఆపేసిన మనిషి. అరగంట చూసి, లేచి వెళ్ళి వరండాలో కూర్చుంది. రాత్రి అన్నం పెడుతూ అడిగింది, “ఇంతకీ ఆ సైకిల్ దొరికిందా?” అని. పనికి సైకిల్ లేకపోతే ఇల్లు ఎలా గడుస్తుందో మన హాల్లో అందరికంటే ఆవిడకే బాగా తెలుసు. ఆ కథ ఆవిడకే అందలేదు. కష్టపడి చూడాలంటున్నారు, చదవడం రానివాళ్ళు ఎంత కష్టపడితే ఇంగ్లీష్ అక్షరాలు అర్థమవుతాయి?

పాతరీలు:
ఇదేమీ కొత్త వింత కాదు బాబూ. జపాన్‌లో మూకీల కాలంలో తెర పక్కన నిలబడి కథ చెప్పే బెన్షీలు ఉండేవారు. సినిమా పేరుకంటే బెన్షీ పేరు చూసి టికెట్ కొన్నవాళ్ళున్నారు. ‘రషోమాన్’ తీసిన దర్శకుడు కురొసావా అన్నయ్య కూడా బెన్షీయే. టాకీలు వచ్చి ఆ పని పోయింది, 1933లో ఆయన ఆత్మహత్య చేసుకున్నాడు. పోలండ్ టీవీలో ఇప్పటికీ విదేశీ సినిమాలోని పాత్రలన్నింటికీ ఒకే గొంతు చదువుతుంది. ఉగాండాలోని కంపాలా వీడియో హాళ్ళలో వీజేలు హాలీవుడ్ సినిమాకు అక్కడి లుగాండా భాషలో వ్యాఖ్యానం చెబుతూ మధ్యలో జోకులు కూడా వేస్తారు. హరికథలు విని పెరిగిన మనకు పక్కన ఒకడు చెబుతుంటే వినడం కొత్తా?

రెండో_వరుస:
మాస్టారూ, బెన్షీ చెప్పింది మూకీలకు. ఈసారి మన లిస్టులో ‘రషోమాన్’ ఉంది. ఒకే ఘటనను నలుగురు నాలుగు రకాలుగా చెబుతారు. అందులో చచ్చిపోయినవాడి మాటలు పూనకం వచ్చిన సోదెమ్మ నోట వస్తాయి. ఆ గొంతుకే ఒళ్ళు జలదరిస్తుంది. నలుగురి మాటా ఒక్కరే చదివితే ఇక నలుగురెక్కడ? గోదారిగట్టు చెప్పింది మాత్రం కాదనలేను. అమ్మగారి సంగతి నాకు తెలియదు.

గోదారిగట్టు:
అసలు గొంతు, అసలు గొంతు అంటారు. ఇటలీ వాళ్ళు షూటింగ్ అయ్యాకే మాటలు అతికించేవారు కదా! ఫెల్లినీ 1954లో తీసిన ‘లా స్త్రాదా’ హీరో ఆంథొనీ క్విన్ అమెరికా నటుడు. ఇటాలియన్‌లో వినిపించేది ఆయన గొంతే కాదు. మనం ఆ సినిమా చూసి ఏడ్చింది ఎవరి గొంతుకు?

అక్షరం_కూలీ:
మధ్యలో దూరుతున్నాను. నేను రెండు సినిమాలకు తెలుగు సబ్‌టైటిల్స్ చేశాను, ఒక్కోదానికి మూడు వారాలు పట్టింది. రెండు లైన్లు, నాలుగైదు సెకన్లు, అందులోనే మాట ఇమడాలి. పై లైను ఒత్తులు కింది లైను గుడులకు తగులుకుంటాయి. హాల్లో ప్లేయర్ పాతదైతే ‘క్ష’ కూడా ముక్కలై కనపడుతుంది. ఇంగ్లీష్ సబ్‌టైటిల్ చూసి చేస్తే ఎలాగూ నీడకు నీడే. ఇంత చేసినా, నెమ్మదిగా చదివేవాళ్ళు మొదటి లైను పూర్తి చేసేలోపు అక్షరాలు మాయమవుతాయి. అందుకే ఈసారి నా ఓటు మైకుకే. నా పని నేనే పోగొట్టుకుంటున్నానేమో మరి! ఒక్క షరతు: చదివేవాళ్ళు సినిమాను ముందే రెండుసార్లు చూసి, ఎక్కడ నోరు మూసుకోవాలో రాసుకోవాలి.

పాతరీలు:
ఆ షరతు నాకూ నచ్చింది. ఇంతకీ ఎవరు చదువుతారు? మన సెక్రటరీగారైతే ఏడుపు సీన్‌ను కూడా ఎరువుల కొట్టు లెక్కలా చదువుతారు.

రెండో_వరుస:
నవ్వించారు. సరే, మూడు వద్దు, ఒకటి చేద్దాం. ‘బైసికిల్ థీవ్స్’ను ఆదివారం మధ్యాహ్నం మైకుతో మళ్ళీ వేయండి. ‘రషోమాన్’ జోలికి మాత్రం రాకండి. మీటింగులో నా ఓటు ఎలాగూ వ్యతిరేకంగానే పడుతుంది, ముందే చెబుతున్నా.

గోదారిగట్టు:
వేసుకోండి అన్నా. అమ్మకు ఇప్పుడే చెప్పాను. “సైకిల్ దొరకలేదని నువ్వు చెప్పేశావుగా, ఇంకేం చూడాలి?” అంది. ఐదు నిమిషాలయ్యాక, “ఆ పిల్లాడు ఏమయ్యాడు?” అని అడిగింది. చెప్పలేదు.