సమస్య: "పేరు లేని కొట్టు పేరు పొందె"

మిత్రులకు నమస్కారం. ఈ వారం సమస్య, అంటే మీరు పద్యంగా పూరించాల్సిన చివరి పాదం, మా ఇంట్లోంచే వచ్చింది. మా అక్క బిడ్డ హనుమకొండలో, వేపచెట్టు నీడ పడే ఒక మడిగెలో చిన్న బేకరీ పెట్టి రెండు నెలలైంది. పసుపు రేకు బోర్డు మీద కుడివైపు ‘బేకరీ’ అని ఎర్రగా రాసి ఉంది. ఎడమవైపు రెండు జానల ఖాళీ. బోర్డు రాసే ఆయన ప్రతి శుక్రవారం రంగు డబ్బా పట్టుకొచ్చి, "పేరేమనుకున్నరమ్మా?" అని అడిగి, ఒక బన్ను తిని వెళ్తున్నాడు.

కాకతీయ అందామంటే 1976లో వచ్చిన విశ్వవిద్యాలయం మొదలు సందు చివరి జిరాక్స్ షాపు దాకా అదే పేరు. ఏకశిల, ఓరుగల్లు కూడా అంతే. ఇంగ్లిష్ పేరు పెడితే మా అక్కకు నోరు తిరగదు. మొన్న నేను కౌంటర్‌లో కూర్చున్న గంటలో ఇరవై మంది దాకా వచ్చారు. ఒక్కరూ పేరు అడగలేదు. అక్కడే ఈ పాదం తట్టింది.

ఇది ఆటవెలది అనే పద్యంలో నాలుగో పాదం. ఇందులోని అయిదు గణాలూ (అక్షరాల గుంపులు) సూర్యగణాలే, అన్నీ హగణాలు, అంటే ఒక గురువు (దీర్ఘంగా పలికేది), ఒక లఘువు (పొట్టిగా పలికేది). యతి, అంటే మొదటి గణం, నాలుగో గణం తొలి అక్షరాల పొత్తు, పే–పే. పేరు లేనిదానికి పేరెలా వచ్చిందో పై మూడు పాదాల్లో తేల్చాలి.

మొదటి పూరణ, కాజీపేట నుంచి, రైల్వేలో రిటైరైన పెద్దాయనది:

వేడి బన్ను తావి వీధి చివరిదాక
నడిచి వచ్చి మనల నాప గలదు;
బోర్డు చూడకుండ పోగైరి జనులెల్ల;
పేరు లేని కొట్టు పేరు పొందె.

సార్, తావి నడిచి రావడం చాలా బాగుంది. పొద్దున ఆరింటికి ట్రే బయటికి తీసినప్పుడు సరిగ్గా అట్లాగే ఉంటుంది. ‘పోగైరి’ మంచి పలుకుబడి. రెండో పాదంలో మాత్రం యతి తప్పింది. ‘మనలన్ + ఆప’ కలిస్తే వచ్చిన నకారం ద్రుతానిది, అంటే ‘మనలన్’ చివరి ‘న్’ది. యతి ఆ వెనక ఉన్న అచ్చుకే చెల్లుతుంది. ‘నడిచి’లో ‘న’కు ‘ఆ’తో కుదరదు. ‘ఆకలైన వారి నాప గలదు’ అంటే ఆ–ఆ కుదురుతుంది. నడక పోతుంది, అదొక్కటే నాకు బాధ.

రెండోది కరీంనగర్ నుంచి ఒక టీచరమ్మ పంపింది:

అమ్మ పేరు పెట్టె నందరు మెచ్చగా,
తనది మాటు చేసె, ధన్యుడతడు;
పిండి పిసికె నిదుర వీడి రాత్రులు, వాని
పేరు లేని కొట్టు పేరు పొందె.

సమస్యకు ముందు ‘వాని’ చేర్చగానే వైరుధ్యం విడిపోయింది. పేరు లేకపోవడం కాదు, వాని పేరు లేకపోవడం! ఒక్క మాటతో చిక్కు విప్పడమే సమస్యాపూరణంలో అసలు పని. ‘ధన్యుడతడు’ మాత్రం యతి కోసం తెచ్చిన పూరక పదం, అమ్మా. ‘తనది దాచి, పనికి తలను వంచి’ అనండి. గణాలు నిలుస్తాయి, మనిషి కూడా కనిపిస్తాడు.

ఇక్కడ జనగామ అన్న ఒకరు సమస్య మీదే అభ్యంతరం చెప్పారు. "మన దిక్కు కొట్టు ఎవరంటరు? దుకాణం అంటం, లేకుంటే మడిగె అంటం. మీరే పైన మడిగె అని రాసిన్రు." అన్నా, నూటికి నూరు పాళ్లు ఒప్పుకుంటున్నాను. నిఘంటువులోనూ మడిగ అంటే అంగడే. పైగా ‘మడిగె’ మూడు లఘువులు, నగణం, అదీ సూర్యగణమే. కాబట్టి ఇక నుంచి పాదం ఇది: "పేరు లేని మడిగె పేరు పొందె." పాతవారు మార్చుకోనక్కర్లేదు.

మూడోది ములుగు నుంచి, డిగ్రీ చదివే తమ్ముడిది:

రాళ్ల బరువు మాన్పె రామప్ప యిటుకలు
తేలె నీట; చేసి తీర్చినట్టి
చేతి పేరు తెలియ జెప్పదే శిలయును;
పేరు లేని మడిగె పేరు పొందె.

నన్ను ఎక్కువసేపు ఆపిన పద్యం ఇదే. 1213 నాటి గుడి. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చాక ఎక్కడెక్కడి వాళ్లో వస్తున్నారు. శిఖరంలో వాడిన ఇటుక లోపలంతా గుల్ల, అందుకే నీళ్లలో తేలుతుంది. బేకరీలోనూ జరిగేది అలాంటిదే. తడిబట్ట కప్పిన మైదా ముద్ద ఈస్టు వదిలే గాలికి బుడగలు బుడగలుగా పొంగి గిన్నె అంచు దాటుతుంది. వేలితో నొక్కితే గుంట పడి మెల్లగా మళ్లీ లేస్తుంది. బ్రెడ్డు తేలిక కావడం ఆ గుల్లదనం వల్లే. ఇంత దగ్గరి పోలిక దొరికినా తమ్ముడు దాన్ని వాడుకోలేదు. ఇటుక ఒకచోట, మడిగె ఒకచోట ఉండిపోయాయి. మూడో పాదాన్ని ‘చేతి పేరు లేదు, జేజేలె! యా రీతి’ అని మార్చి చూడు. ‘ఆ రీతి’ వంతెన వేస్తుంది. యతి చే–జే సరిపోతుంది.

"శిల చెప్పదే అన్న మాట పోతే పద్యం చల్లబడ్డది" అని టీచరమ్మ అన్నారు. నిజమే. తమ్ముడూ, రెండూ నిలిచే దారి నీకే దొరకాలి.

ఆఖరిది నిన్న రాత్రి మా అక్క బిడ్డే పంపింది. "మామా, నాకు గణాలు సరిగ రావు, తప్పుంటే ఏమనకు" అని రాసింది.

వేపచెట్టు కింద వేడి బన్నులు తిని
పిల్లలంత అటులె పిలుచుకొనిరి;
నాకు తెలియకుండ నామమే దొరికెను;
పేరు లేని మడిగె పేరు పొందె.

గణాలన్నీ ఉన్నాయి బిడ్డా, ఒక్కటీ జారలేదు. ‘పిల్లలంత అటులె’ దగ్గర సంధి చేయక విడిగా వదిలేశావు. ‘పిల్లలెల్ల రటులె’ అంటే అతుకు కనబడదు. మేమంతా ‘పేరు పొందె’ను ప్రసిద్ధి అనుకుని తిప్పలు పడ్డాం. నువ్వు దాన్ని ఉన్నదున్నట్టు తీసుకున్నావు. లేని పేరు దొరికింది, అంతే. ఈ వారం నా ఓటు దీనికే.

పొద్దున ఫోన్ చేసి, "పిల్లలు నిజంగా అట్లనే అంటున్నరా?" అని అడిగాను. "బడి విడవంగనే ‘వేపచెట్టు కాడికి పోదాం పా’ అని ఉరుకొస్తరు మామా" అంది.

వేపచెట్టు నాలుగే అక్షరాలు. రెండు జానల్లో పడతాయి. శుక్రవారం ఎల్లుండే.