స్కాట్లాండ్‌లో మెడికల్ ఎడ్యుకేషన్ మాస్టర్స్: వరంగల్ నుంచి వస్తున్నా, సలహా కావాలి

అందరికీ నమస్తే. మాది హన్మకొండ. కాకతీయ మెడికల్ కాలేజీలో ఎంబీబీఎస్, ఎంజీఎం ఆసుపత్రిలో హౌస్ సర్జన్సీ అయిపోయాయి. సెప్టెంబర్‌లో మెడికల్ ఎడ్యుకేషన్ మాస్టర్స్‌లో చేరుతున్నా. డాక్టర్ చదువు ఎలా చెప్పాలన్న దాని మీద కూడా రీసెర్చ్ ఉంటుందా అని ఇంట్లో ఇంకా అడుగుతనే ఉన్నారు. థీసిస్‌కు మన జూనియర్లకు ఒక గూగుల్ ఫామ్ పంపి, కొత్త సిలబస్ నచ్చిందా లేదా అని అడుగుదామనుకుంటున్నా. ముందుగా ఏమేం చూసుకోవాలో చెప్పండి అక్కలూ, అన్నలూ.

జవాబు

చెల్లె, చాలా సంతోషం. నేనూ కేఎంసీనే, ఇక్కడికొచ్చి ఇదే చదివి ఇప్పుడు మెడికల్ స్టూడెంట్లకు క్లాసులు చెప్తున్నా. అన్నిటికంటే ముందు ఒకటి తేల్చుకో. ఈ డిగ్రీతో ఇక్కడ ప్రాక్టీసుకు లైసెన్స్ రాదు. పేషెంట్లను కూడా చూడాలని ఉంటే ఇక్కడి డాక్టర్లను నమోదు చేసే జీఎంసీ (జనరల్ మెడికల్ కౌన్సిల్) రిజిస్ట్రేషన్ కావాలి, మనలాంటి వాళ్లు చాలామంది దానికి ప్లాబ్ అనే పరీక్ష రాస్తారు. మొదటి భాగం హైదరాబాద్‌లోనే రాసి రావచ్చు, రెండోది మాంచెస్టర్‌లో. థీసిస్, ప్లాబ్ రెండూ ఒకే ఏడాదిలో నెత్తినేసుకుని నలిగిపోయిన పిల్లలను చూశాను, అందుకే చెప్తున్నా.

ఇక ఆ గూగుల్ ఫామ్ వద్దు. సీనియర్ అడిగితే ఎవరైనా నచ్చిందనే రాస్తారు, రాసినా దానివల్ల తెలిసేది చాలా తక్కువ. కిర్క్‌పాట్రిక్ మెట్లని ఇక్కడ మొదటి నెలలోనే చెప్తారు: శిక్షణ నచ్చిందా, నేర్చుకున్నారా, పనిలో మార్పు వచ్చిందా, చివరికి దానివల్ల ఫలితం ఏమన్నా ఉందా. నీ ప్రశ్న మొదటి మెట్టు మీదే ఆగిపోతుంది. 2019 బ్యాచ్ నుంచి మన దగ్గర కాంపిటెన్సీ పద్ధతి వచ్చింది, అంటే ఏం చదివారన్నది కాదు, ఏం చేయగలరన్నది చూసే సిలబస్: ఫస్టియర్‌లోనే పేషెంటు దగ్గరికి తీసుకెళ్లడం, పేషెంట్లతో నడవడిక, నైతికత, మాట తీరు నేర్పే ఏట్‌కామ్ క్లాసులు, చేసిన పనులు రాసి సార్ సంతకం తీసుకునే లాగ్‌బుక్, ఆ తర్వాత ఊళ్లలో కొన్ని కుటుంబాల ఆరోగ్యం చూసుకునే ఫ్యామిలీ అడాప్షన్. కాగితం మీద ఉన్నది వార్డులో ఎలా జరుగుతోందో చూడు, రీసెర్చ్ అక్కడుంది.

నువ్వు కళ్లారా చూసిందే తీసుకో. ఒక మంచం చుట్టూ ఇరవై మంది నిలబడతారు. ముందున్న ఇద్దరు ముగ్గురు పొట్ట మీద చెయ్యి పెట్టి స్ప్లీన్ (ప్లీహం) తగులుతుందా అని చూస్తారు, వెనకవాళ్లు భుజాల మీదుగా తొంగి చూసి "పాల్పబుల్", అంటే చేతికి తగులుతోంది అని రాసుకుంటారు. లాగ్‌బుక్‌లో మాత్రం అందరికీ ఒకే సంతకం. 1990లో జార్జ్ మిల్లర్ ఒక పిరమిడ్ గీశాడు: తెలుసు, ఎలా చేయాలో తెలుసు, చేసి చూపగలడు, నిజంగా పనిలో చేస్తున్నాడు. వెనక వరుసలో నిలబడ్డ పిల్లకు పడిన ఆ సంతకం ఇందులో ఏ మెట్టుకు పడినట్టు? దీని మీద పది పన్నెండు మందితో నిదానంగా మాట్లాడి, కొన్ని రోజులు రౌండ్స్‌లో ఓ మూలన నిలబడి చూసి రాస్తే మంచి థీసిస్ అవుతుంది. పైగా 2022లో మహబూబాబాద్, జగిత్యాల, మంచిర్యాల, రామగుండం, మరుసటి ఏడాది జనగామ, భూపాలపల్లి, ఇన్ని కాలేజీలు వచ్చాయి కదా, అక్కడి పిల్లలకు మంచం పక్కన చదువు ఎట్లా అందుతోందో మన దిక్కువాళ్లు రాయకపోతే ఎవరు రాస్తారు చెప్పు.

ఇంటర్వ్యూలో జూనియర్లు నిన్ను అక్కా అంటారు, అంతా బాగుందక్కా అంటారు. నువ్వెవరో, వాళ్లెందుకలా అంటున్నారో కూడా థీసిస్‌లో రాయాలి, దాన్ని ఇక్కడ రిఫ్లెక్సివిటీ అంటారు, దానికి మార్కులు కూడా ఉంటాయి. "నచ్చిందా" అని కాదు, "పోయినసారి పేషెంటును నువ్వు స్వయంగా పరీక్షించింది ఎప్పుడు, అప్పుడు పక్కన ఎవరున్నారు" అని అడుగు, అసలు మాట బయటికొస్తుంది.

ఇంకోటి, సూపర్‌వైజర్‌ను పేరు పెట్టే పిలుస్తారు, మొదట్లో నోరు తిరగదు. నువ్వేమనుకుంటున్నావని అడిగితే సార్ ముందు నిలబడ్డట్టు ఊరుకోకు. ఇక్కడ ఊరుకుంటే చదువుకుని రాలేదనే అనుకుంటారు.

మరో జవాబు

మాది కరీంనగర్ అమ్మా, నేను పరీక్షల వైపు పనిచేస్తా. పైన అక్క చెప్పింది నిజం. దాంతో పాటు ఓస్కీ అనే ప్రాక్టికల్ పరీక్ష పద్ధతి గురించి చదువుకుని రా. 1975లో రొనాల్డ్ హార్డెన్ వాళ్లు దాన్ని రాసింది డండీలో, నువ్వు వచ్చే స్కాట్లాండ్‌లోనే. నీ సంతకం ప్రశ్నకు అది అక్కరకొస్తుంది, ఎందుకంటే అందులో ప్రతి స్టూడెంటూ ఒక్కడే ఎగ్జామినర్ ముందు చేసి చూపాలి, వెనక వరుస అన్నదే ఉండదు. చలికి భయపడకు కానీ డిసెంబర్‌లో నాలుగు కాకముందే చీకటి పడుతుంది, సాయంత్రాలు ఒక్కదానివే రూంలో కూర్చోకు, మన తెలుగువాళ్ల దగ్గరికి వస్తూ పోతూ ఉండు.

అడిగిన చెల్లె

థాంక్స్ అక్కా, అన్నా. సంతకం ప్రశ్నే తీసుకుంటా. పర్మిషన్ స్కాట్లాండ్ యూనివర్సిటీది ఒక్కటి ఉంటే సరిపోతుందా?

జవాబు

సరిపోదు చెల్లె. ఇక్కడి ఎథిక్స్ కమిటీది, అక్కడి కాలేజీ ఎథిక్స్ కమిటీది రెండూ కావాలి. స్టూడెంట్ల మీద స్టడీయే కదా అని అక్కర్లేదనుకోకు, మినహాయింపు ఉందా లేదా అన్నది కమిటీ చెప్పాలి, మనం కాదు. రౌండ్స్‌లో నిలబడి చూస్తానన్నావంటే పేషెంట్ల సంగతి కూడా వస్తుంది, అది విడిగా రాసివ్వాలి. అటెండెన్స్ వేసే సార్‌తో కన్సెంట్ ఫామ్‌లు పంచనియ్యకు, పిల్లలు కాదనలేరు. వీసా పనుల్లో పడకముందే కాలేజీ మెడికల్ ఎడ్యుకేషన్ యూనిట్‌కు స్వయంగా పోయి, అప్లికేషన్ ఎవరికివ్వాలో, కమిటీ మీటింగ్ ఎప్పుడుందో కనుక్కుని రా, ఇక్కడినుంచి మెయిల్స్ పెడితే ఆ ఫైలు కదలడానికి నెలలు పడుతుంది.