ఇరవైకి ఇరవై టాసప్‌లు: మీలో ఎవరికైనా గ్రెయిల్ దక్కిందా?

న్యూజెర్సీ_అమ్మ: శనివారం క్విజ్ బౌల్‌లో (బజర్ నొక్కి జవాబు చెప్పే టీమ్ క్విజ్) మా అబ్బాయి టీమ్ 20 టాసప్‌లూ (ముందు నొక్కి సరిగ్గా చెప్పినవాళ్ళకి 10 పాయింట్లిచ్చే ప్రశ్నలు) కొట్టేసింది. స్కోరు 670. టాసప్‌లన్నీ ఒక్క టీమే కొడితే గ్రెయిల్ అంటారట, పిల్లలు ఒకటే సంబరం. పవర్లు (త్వరగా చెప్పినందుకు ఇచ్చే ఎక్కువ పాయింట్లు) లేని ప్యాకెట్‌లో, అంటే ఒక ఆటకి సరిపడా ప్రశ్నల కట్టలో, 800 వస్తేనే కదా పర్ఫెక్ట్? తర్వాతి టోర్నమెంటుకి మావాణ్ణి టెన్షన్ లేకుండా ఎలా తయారు చేయాలి?

బజర్_వేలు: గ్రెయిల్‌కి బోనస్‌లతో (టాసప్ కొట్టాక వచ్చే 30 పాయింట్ల ప్రశ్నలు) పని లేదండీ. టాసప్‌లన్నీ మీవైతే చాలు. నాది 19 దగ్గర పోయింది. ఆఖరి ప్రశ్నలో మోటుపల్లి రేవు అని వినగానే నొక్కి గణపతిదేవుడు అన్నాను. జవాబు రుద్రమదేవి. నెగ్ పడింది, అంటే తొందరపడి తప్పు చెప్పినందుకు మైనస్ 5. మూడేళ్ళయినా మర్చిపోలేకపోతున్నాను.

ఓరుగల్లు_పిల్లోడు: అది మార్కో పోలో క్లూ. అక్కడ ఒక రాణి ఏలుతోందని రాశాడు. మొత్తం వినాల్సింది.

బజర్_వేలు: భర్త పోయాక ఏలిందనీ రాశాడు! రుద్రమ గణపతిదేవుడి కూతురు. మోటుపల్లి అభయ శాసనం కూడా ఆయనదే. నేను చదువుకునే నొక్కాను.

ఓరుగల్లు_పిల్లోడు: చదివితే సరిపోదు, ఆగాలి. నెగ్ నెగ్గే.

పాత_మోడరేటర్: పదకొండేళ్ళుగా ప్యాకెట్లు చదువుతున్నాను, నా మాట వినండి. అవతలివాళ్ళు నెగ్ చేశాక, మిగతా ప్రశ్న తీరిగ్గా విని చెప్పిన టాసప్‌ని గ్రెయిల్‌లో కలపకూడదు.

గోదారి_గట్టు: ఎందుకు కలపకూడదు? 10 పాయింట్లు ఇచ్చారా లేదా? మా అమ్మాయి ఒక్కతే ఆడి 20 కొట్టింది, అందులో రెండు అలా వచ్చినవే. వాటిని తీసేయడానికి మీరెవరు?

పాత_మోడరేటర్: పాప కష్టాన్ని తక్కువ చేయలేదమ్మా. నా లెక్క నాది.

గోదారి_గట్టు: అయితే అందరికీ రూల్‌లా చెప్పకండి.

సున్నా_చూసినవాడు: అవతల కూర్చున్న పిల్లల గురించి ఒక్కరూ మాట్లాడరేం? మావాడు కొత్తగా చేరిన ఏడాది వాళ్ళ మీద గ్రెయిల్ పడింది. ఒక్క టాసప్ కూడా దక్కలేదు. ఇంటిదాకా కారులో నోరు విప్పలేదు. గెలిచినవాళ్ళలో ఒక పిల్ల మాత్రం వచ్చి తన నోట్సు ఫొటోలు తీసుకోమంది. వాడు ఇంకా ఆడుతున్నాడంటే ఆ పిల్ల వల్లే.

న్యూజెర్సీ_అమ్మ: మావాడికి ఇది చదివి వినిపిస్తాను. తయారీ సంగతి ఎవరైనా చెప్పండి.

ఓరుగల్లు_పిల్లోడు: ఇంకో మాట. రుద్రమ మరణం గురించి చెప్పే చందుపట్ల శాసనం 1289 నాటిది, అంటే అప్పటికే రుద్రమ లేదు. మార్కో పోలో మన తీరం దాటింది ఆ తర్వాతే. ఆ ప్రశ్న రాసినవాళ్ళు ఇది చూసుకోవాల్సింది.

బజర్_వేలు: చూశారా! ఆ చందుపట్ల నకిరేకల్ దగ్గరిదేనా? వేసవిలో ఇండియా వెళ్తున్నాను, వెళ్ళి చూడాలి.