క్లచ్ ఫ్యాన్ తీసేసి ఎలక్ట్రిక్ ఫ్యాన్లు వేయించాలా? బెంగళూరు సిల్క్ బోర్డ్ దగ్గర టెంపరేచర్ ముల్లు పైకి పాకుతోంది

బీటీఎం పాతబండి:
అందరికీ నమస్తే. మాది 2003 క్వాలిస్ డీజిల్, నాన్నగారు కొన్న బండి, అమ్మే ప్రసక్తే లేదు. సాయంత్రం ఏసీ వేసుకుని సిల్క్ బోర్డ్ ట్రాఫిక్‌లో ఇరవై నిమిషాలు ఇరుక్కుంటే టెంపరేచర్ ముల్లు సగం దాటి పైకి పాకుతోంది, ఏసీ ఆపేస్తే దిగుతుంది. హోసూరు రోడ్డెక్కి 80లో పోతే మాత్రం ఏ గొడవా లేదు. కూలెంట్ (ఇంజన్‌ని చల్లబరిచే ద్రవం) తగ్గట్లేదు, పోయిన ఏడాదే రేడియేటర్ కడిగించాం కూడా. దీనికున్నది క్లచ్ ఫ్యాన్, అంటే ఇంజన్‌తోనే తిరిగేది, మధ్యలో ఆయిల్ నిండిన క్లచ్ ఉంటుంది. మా మెకానిక్ "ఆ క్లచ్ ఫ్యాన్ పీకేసి రెండు ఎలక్ట్రిక్ ఫ్యాన్లు పెట్టేద్దాం సార్, మైలేజీ కూడా పెరుగుతుంది" అంటున్నాడు. సంక్రాంతికి ఊరెళ్తూ తిరుమల కొండెక్కాలని అమ్మ పట్టు, అదే నా టెన్షన్. ఎవరైనా చేయించుకున్నారా?

కోలార్ డీజిల్:
బ్రదర్, ఆగండి. నిలబడితే వేడెక్కి, పరిగెత్తితే చల్లబడుతోందంటే గాలి చాలట్లేదని అర్థం, అంటే కూలెంట్ తిరుగుతూనే ఉంది. ముందు ఉన్న ఫ్యాన్ బతికుందో లేదో చూడండి. పొద్దున్నే ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు తాళం జేబులో వేసుకుని ఫ్యాన్‌ని చేత్తో ఒక్క తోపు తోయండి. కాస్త బరువుగా కదిలి ఒక చుట్టు లోపే ఆగితే ఫర్వాలేదు, బొంగరంలా తిరిగితే లోపల సిలికాన్ ఆయిల్ పోయినట్టే. హబ్ చుట్టూ జిడ్డుకి దుమ్ము పట్టి ఉందేమో కూడా చూడండి, కారిపోయిన గుర్తు అదే. ఆ క్లచ్‌కి ముందు వైపు చిన్న బైమెటల్ స్ప్రింగ్ ఉంటుంది, రేడియేటర్‌లోంచి వచ్చే గాలి వేడిని బట్టి వాల్వ్ తెరుచుకుని ఆయిల్ లోపలికి వెళ్ళి ఫ్యాన్‌ని పట్టుకుంటుంది. ఇరవై ఏళ్ళు పనిచేసిందంటే ఆ వస్తువుని తిట్టడానికి లేదు, వయసైపోయిందంతే.

రిలే రాజ్యం:
నేను చేయించుకున్నాను, మాది వేరే బండి కానీ ఇంజన్ ఇలాగే బండి పొడవునా కూర్చునే రకం. మొదటిసారి ఘోరంగా అయింది, అది చెప్తాను వినండి. ఆయనెవరో రెండు ఫ్యాన్లు తెచ్చి ప్లాస్టిక్ టైలతో రేడియేటర్ రెక్కల్లోంచి గుచ్చి కట్టేశాడు, కౌలింగ్ (ఫ్యాన్ గాలిని రేడియేటర్ మొత్తం మీదుగా లాగించే తొడుగు) లేదు, పైగా ఒక ఫ్యాన్‌కి ప్లస్ మైనస్ తిరగబడ్డాయి. నిలబడ్డప్పుడు ఏదో నెట్టుకొచ్చింది. మారతహళ్ళి వైపు 50లో పోతుంటే మాత్రం ముల్లు ఎక్కేది! ఎదురుగాలి లోపలికొస్తుంటే ఆ ఫ్యాన్ బయటికి ఊదుతోంది మరి. ఒక కాగితం ముక్క గ్రిల్ ముందు పట్టుకుని చూస్తే అప్పుడు అర్థమైంది, రేడియేటర్‌కి అతుక్కోవాల్సింది పోయి నా మొహం మీదికి ఎగిరింది.

తర్వాత నేనే కూర్చుని సరిగ్గా చేసుకున్నాను. రేడియేటర్ మొత్తాన్ని కప్పే రేకు కౌలింగ్ చేయించి దానికి ఫ్యాన్లు బిగించాను, లేకపోతే ఫ్యాన్ ఎదురుగా ఉన్న గుండ్రటి భాగమే చల్లబడి మూలలు వేడిగా ఉండిపోతాయి. ఒక్కో ఫ్యాన్‌కి విడిగా 40 యాంపుల రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని ఆన్ చేసే స్విచ్), విడిగా ఫ్యూజ్, బ్యాటరీ నుంచి నేరుగా మందపాటి వైరు. హెడ్‌లైట్ వైరు నుంచి కరెంటు లాగితే ఆ వైరు కాలిపోతుంది, జోక్ కాదు. 16 అంగుళాల ఫ్యాన్ తిరుగుతున్నప్పుడు దాదాపు 20 యాంపులు తీసుకుంటుంది, స్టార్ట్ అయ్యే క్షణంలో ఇంకా ఎక్కువ. రెండూ, ఏసీ బ్లోయరూ, లైట్లూ, వైపరూ కలిపి లెక్కేసి మీ ఆల్టర్నేటర్ (ఇంజన్‌తో తిరిగి కరెంటు పుట్టించేది) మీద రాసున్న యాంపులతో పోల్చుకోండి, అదీ ఐడిల్‌లో ఆ రాసినంత ఇవ్వదని గుర్తుపెట్టుకుని. ఫ్యాన్లకి కూలెంట్ వేడిని బట్టి పనిచేసే స్విచ్, 92 డిగ్రీల దగ్గర ఆన్, 87 దగ్గర ఆఫ్ అయ్యేది పెట్టాను. నా థర్మోస్టాట్ (కూలెంట్‌ని రేడియేటర్‌కి వదిలే వాల్వ్) 82 దగ్గర తెరుచుకుంటుంది, అంతకంటే ముందు ఫ్యాన్ తిరిగి లాభం లేదు. సిటీలో ఇప్పుడు సూపర్. వానకి అండర్‌పాస్‌లో నీళ్ళు నిలిస్తే ఫ్యాన్ ఆపుకోవచ్చు, అది బోనస్.

సందేహాల స్వామి:
మైలేజీ పెరుగుతుందనే మాట నమ్మకండి. రెండు ఫ్యాన్లు 40 యాంపులు, అంటే దాదాపు 540 వాట్లు, ఆల్టర్నేటర్‌లో పోయేది కలిపితే ఇంజన్ మీద కిలోవాట్ చుట్టుపక్కల భారం. ఆ కరెంటు ఎక్కడినుంచి వస్తుందనుకుంటున్నాడు మీ మెకానిక్, వెంకన్న హుండీలోంచా? మంచి క్లచ్ ఫ్యాన్ కూడా అవసరం లేనప్పుడు జారుతూనే ఉంటుంది కాబట్టి మీరు ఊహించినంత శక్తి తినదు.

బీటీఎం పాతబండి:
ఇవాళ పొద్దున్న తోసి చూశాను, కోలార్ గారూ. నాలుగు చుట్లు తిరిగింది! జిడ్డు కూడా ఉంది. ఇంకో విషయం, టార్చ్ వేసి చూస్తే ఏసీ కండెన్సర్‌కీ (రేడియేటర్ ముందుండే ఏసీ జాలీ) రేడియేటర్‌కీ మధ్య సందులో దుమ్మూ ఎండుటాకులూ కలిసి కంబళిలా పట్టేశాయి. పోయిన ఏడాది కడిగింది వెనక వైపు నుంచి మాత్రమేనట, ఇప్పుడు అడిగితే చెప్తున్నారు.

కోలార్ డీజిల్:
సగం రోగం అక్కడే ఉంది. కండెన్సర్ పైన బోల్టులు వదులు చేసి, గ్యాస్ పైపులు విప్పకుండా కాస్త ముందుకి వంచి, ఇంజన్ వైపు నుంచి ముందుకి నీళ్ళు కొట్టించండి, ప్రెజర్ ఎక్కువైతే రెక్కలు వాలిపోతాయి జాగ్రత్త. ఇక కొండ గురించి: తిరుమల ఎక్కేటప్పుడు బండి నిండా మనుషులు, రెండో గేర్, ఇంజన్ 2500 పైన తిరుగుతుంది, బండి వేగం మాత్రం 30. ఎదురుగాలి ఉండదు, ఇంజన్ మాత్రం చెమటోడుస్తుంది. అలాంటప్పుడు ఇంజన్‌తోపాటు వేగం పెరిగే క్లచ్ ఫ్యాన్‌కి మించింది లేదు. ఎలక్ట్రిక్‌ది సిల్క్ బోర్డ్‌లో తిరిగినంత వేగంగానే కొండ మీదా తిరుగుతుంది, అంతకంటే ఒక్క చుట్టు ఎక్కువ తిరగదు. మీరు తిరుగు ప్రయాణంలో చిత్తూరు దాటాక మొగిలి ఘాట్ కూడా ఎక్కాలి, మర్చిపోకండి.

రిలే రాజ్యం:
ఒప్పుకుంటాను. నేను కొండలకి పోను కాబట్టి నాకు సరిపోయింది. మీరు ఫ్యాన్ క్లచ్ మార్చి, కండెన్సర్ ముందు ఒక్క చిన్న ఫ్యాన్ పెట్టి ఏసీ స్విచ్‌తో పాటు తిరిగేలా రిలే ఇవ్వండి. ముందు నుంచి లోపలికి తోసే రకం కావాలి, కొనేటప్పుడు అడగండి.

బీటీఎం పాతబండి:
అప్‌డేట్. జేసీ రోడ్‌లో రెండు షాపులు తిరిగి కొత్త క్లచ్ తెచ్చాను, సందు కడిగించాను, చీలిన కౌలింగ్‌కి రేకు వేయించాను. పొద్దున్న స్టార్ట్ చేయగానే ఒక నిమిషం హోరుమని తర్వాత శబ్దం తగ్గుతోంది, అది మామూలేనా? నిన్న సాయంత్రం సిల్క్ బోర్డ్‌లో ముప్పావు గంట, ఏసీ ఆన్, ముల్లు సగం దగ్గరే ఉంది. కండెన్సర్ ముందు పెట్టాల్సిన ఫ్యాన్ ఇంకా కొనలేదు.

కోలార్ డీజిల్:
మామూలే. రాత్రంతా ఆగి ఉంటే ఆయిల్ లోపలే చేరి ఉంటుంది, తిరిగాక సర్దుకుంటుంది. హోరు అసలు తగ్గకపోతే అప్పుడు అడగండి.